ఎరుపు గేటు దగ్గరే అంతా: జూనియర్ కనూ స్లాలమ్ గురించి

కనూ స్లాలమ్ అంటే ఉరవడి నీటిలో, వేలాడే రెండేసి కర్రల (పోల్స్) గేట్ల మధ్య నుంచి పడవ నడిపే సమయం పోటీ. జూనియర్ కనూ స్లాలమ్ ఫలితాల పట్టిక చేతికొస్తే, మొత్తం సమయం కంటే ముందు పెనాల్టీల గడి చూడండి. ఆ ఏడాది 18 నిండేవాళ్ల దాకా జూనియర్లే. ఆ వయసుకు చేతుల్లో బలం, పడవలో వేగం బాగానే వస్తాయి. పతకం చేజారేది ఎక్కువగా ఎదురెక్కే గేట్ల దగ్గర.

కోర్సులో 18 నుంచి 25 గేట్లుంటాయి. ఆకుపచ్చ-తెలుపు గేట్లను ప్రవాహం వెంట, ఎరుపు-తెలుపు గేట్లను ప్రవాహానికి ఎదురుగా దాటాలి. ఎదురువి సాధారణంగా ఆరేడు. పడవ, తెడ్డు, ఒళ్లు ఏది పోల్‌కు తగిలినా 2 సెకన్లు కలుస్తాయి. ఒకే గేటుకు మూడుసార్లు తగిలినా ఆ 2 సెకన్లే. గేటు తప్పితే 50. తల మొత్తం, పడవలో కొంత భాగం రెండు పోల్స్ మధ్య గీత దాటితేనే లెక్క. దాటే దిశ సరిగా ఉంటే పడవ వెనక్కి తిరిగి ఉన్నా ఫర్వాలేదు. నీటి తుంపర కొట్టి పోల్ ఊగితే పెనాల్టీ పడదు.

ఎరుపు గేటు ఎక్కువగా ఎడ్డీలో, అంటే బండ వెనకో గట్టు పక్కనో నీరు వెనక్కి తిరిగే చోట వేలాడుతుంది. ఎడ్డీ లోపలికి వెళ్లాల్సింది పైనుంచి, వేగం తగ్గకుండా. చాలామంది ఆలస్యంగా తిరుగుతారు. పడవ గేటు కిందికి జారిపోతుంది, మళ్లీ పైకెక్కడానికి మూడు నాలుగుసార్లు అదనంగా తెడ్డు వేయాలి. ఆ కంగారులో లోపలి పోల్ మీదికి వంగుతారు, భుజం తగులుతుంది. నష్టం రెండింతలు. పడవ ముక్కు ఎడ్డీ గీత (ప్రవాహం, ఎడ్డీ కలిసే అంచు) దాటగానే లోపలి వైపు తెడ్డును నిలువుగా దించి, దాని చుట్టూ పడవను తిప్పాలి. వెనక భాగం కాస్త మునిగితే మలుపు చిన్నదవుతుంది, కానీ ఎక్కువ మునిగితే పడవ అక్కడే ఆగిపోతుంది. బయటికొచ్చేటప్పుడు ప్రవాహం వచ్చే వైపు అంచును పైకెత్తకపోతే నీరు ఆ అంచు మీదికెక్కి పడవను బోల్తా కొట్టిస్తుంది.

సీ1లో, అంటే ఒక్కరే నడిపే కనూలో, మోకాళ్ల మీద కూర్చుని, ఒకవైపే ఆకు ఉన్న తెడ్డు వాడతారు. అందుకే గేటు ఏ గట్టు వైపు ఉందన్నది కీలకం. తెడ్డు లేని వైపు మలుపైతే చేతులు మార్చాలా, నడుం తిప్పి అవతల వైపు దించాలా అన్నది గట్టు మీద ఉండగానే తేలిపోవాలి.

ఎందుకంటే పోటీకి గేట్లు కట్టాక ఆ కోర్సులో సాధన చేయనివ్వరు. డెమో రన్ (పోటీకి ముందు వేరేవాళ్లు కోర్సు దాటి చూపించడం) చూసి, గట్టు వెంట నడిచి గుర్తుపెట్టుకోవడమే. కింది నుంచి పైకి కూడా ఒకసారి నడవండి. పై నుంచి కనిపించని ఎడ్డీలు అప్పుడు తెలుస్తాయి. ఒకే గేటును నాలుగైదు పడవలు దాటేదాకా నిలబడి చూడండి, నీరు ఒక్కోసారి ఒక్కోలా పొంగుతుంది. ఇటలీలోని ఇవ్రియాలో డోరా బాల్టియా లాంటి సహజ నదిలో ఉదయానికీ మధ్యాహ్నానికీ నీటిమట్టం మారొచ్చు. ఆస్ట్రేలియాలోని పెన్రిత్ కృత్రిమ కోర్సులో పంపులు నీటిని పైకి తోడతాయి కాబట్టి ప్రవాహం దాదాపు స్థిరం, అయినా అలలు కుదురుగా ఉండవు.

పరికరాల తనిఖీని తేలిగ్గా తీసుకోవద్దు. పడవ పొడవు కనీసం 3.5 మీటర్లు, వెడల్పు కనీసం 60 సెంటీమీటర్లు. రెండు కొసలకూ పట్టుకునే హ్యాండిల్ ఉండాలి, నీళ్లు నిండినా పడవ తేలాలి. తనిఖీ రేసు అయ్యాక కూడా జరగొచ్చు. పడవ బరువు కనీస పరిమితి అంచున ఉంటే మరమ్మతు చేసిన ప్రతిసారీ మళ్లీ తూచండి.

గేటు దాటిపోయి కిందికి జారితే చాలామంది ఆశ వదిలేస్తారు. దగ్గర్లో ఎడ్డీ ఉంటే వెనక్కి ఎక్కండి. పది పదిహేను సెకన్లు పోయినా 50 కంటే లాభమే. ఒక్క జాగ్రత్త: ఎక్కేటప్పుడు తర్వాతి గేటు పోల్ తగలకూడదు. తగిలితే ఆ గేటు మొదలైనట్టే, వెనకది తప్పినట్టే. ఇక వెనక్కి ఎక్కి ఫలం లేదు.

మూడు పడవల జట్టు పోటీలో ఇంకో గడియారం కూడా ఉంటుంది: మొదటి పడవ ముగింపు గీత దాటాక 15 సెకన్లలోపు మూడోది కూడా రావాలి, లేదంటే జట్టుకు 50. అందుకే ముందు వెళ్లేవాడు చివరి ఎరుపు గేటు దగ్గర ఒకసారి వెనక్కి చూసుకోవాలి.