మంగమారిపేట రాళ్ల కింద

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో, తొట్లకొండ దిగువన మంగమారిపేట తీరం ఉంది. అక్కడి సహజ శిలాతోరణం దగ్గర నేనూ చాలాసార్లు ఫొటోలు దిగి వచ్చేశాను. కిందటి డిసెంబరులో మాత్రం అమావాస్య చూసుకొని, మేనకోడలిని వెంటబెట్టుకొని వెళ్లాను. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎంత పైకి వస్తుందో, ఆటు అంత వెనక్కి లాగుతుంది. ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండే రాళ్లు ఆ కాసేపే బయటపడతాయి.

మధ్యాహ్నం దాటాక నీళ్లు తీశాయి. నాచు మీద కాలు నిలవదు. పట్టు కోసం రాతి మీద చెయ్యి వేస్తే బార్నకిల్స్ గీరుకుపోయాయి. ఎండలో తెల్లటి పెచ్చుల్లా కనిపించే వీటిని గుంటలోని నీటిలో చూడాలి. మూత తెరిచి, ఈకల్లాంటి కాళ్లు బయటికి చాచి, గుప్పిట మూసినట్టు లోపలికి లాక్కుంటాయి. తలవైపు రాతికి అతుక్కుపోయి, కాళ్లతో నీటిని గాలించుకొని తింటాయి. పీతలకూ రొయ్యలకూ ఇవి బంధువులే.

గుంట అంచున ఒక చిన్న రాయిని రెండు చేతులతో నెమ్మదిగా ఎత్తాను. కింద తడి ఇసుక వాసన. మొదట ఏమీ కదల్లేదు. తర్వాత చొక్కా గుండీ అంత బిళ్ల ఒకటి, దాని చుట్టూ ముళ్లతో ఐదు సన్నని చేతులు. వెలుగు తగలగానే రెండు చేతులతో తెడ్డు వేస్తున్నట్టు చీకటివైపు పాకింది. బ్రిటిల్ స్టార్, నక్షత్ర చేపకు బంధువు! ఒక చెయ్యి మిగతావాటిలో సగమే ఉంది.

“అత్తా, దానికి నొప్పిగా ఉంటుందా?” అని అడిగింది పాప. నాకు జవాబు తెలియలేదు. పట్టుకుంటే చెయ్యి తెంచుకొని పారిపోతుందనీ, అది మళ్లీ మొలుస్తుందనీ మాత్రం చెప్పాను. ముట్టుకోబోయిన వేలు వెనక్కి తీసుకుంది.

వలతో అటుగా వెళ్తున్న పెద్దాయన ఆగి, “రాయి ఎలా ఉన్నది అలాగే పెట్టండమ్మా, కిందవి ఎండకు మాడిపోతాయి” అన్నారు. ఆ మాట నాకు గుండెలో నాటుకుంది. రాయి పైభాగం నాచుది, అడుగుభాగం చీకటిలో బతికే స్పాంజీలది, పురుగులది, పీత పిల్లలది. తిరగేసి వదిలేస్తే రెండు వైపులవీ చస్తాయి. కాస్త దూరంలో ఎవరో అలా తిరగేసి పోయిన రాళ్లు ఏడు కనిపించాయి. ఇంకా తడి ఆరనివాటిని నాలుగింటిని సర్దాం. మిగతావి అప్పటికే ఎండిపోయాయి. చాలా బాధేసింది.

పొద్దు వాలుతుండగా పోటు మొదలైంది. వచ్చేటప్పుడు జిగురు ముద్దలా ముడుచుకొని ఉన్న సముద్రపు పువ్వు (సీ అనిమోన్ అనే జీవి) మీదికి మొదటి అల పారింది. పాప మోకాళ్ల మీద కూర్చుని ఊపిరి బిగబట్టి చూస్తోంది. రెండో అలకు అది ఒక్కొక్క రేకే విప్పింది.