ఎన్ని మిల్లీలీటర్లు?

పోయిన వారం తొమ్మిదేళ్ళ మా అమ్మాయి దగ్గుతో బడి మానేసి ఇంట్లో ఉన్నప్పుడు, కడప నుంచి మా అమ్మ పంపిన అడ్డసరం ఆకుల పొడిని నీళ్ళలో వేసి, సగమయ్యేదాకా మరిగించి, వడగట్టి, తేనె కలిపి ఇచ్చాను. తను గ్లాసు అందుకొని, వాసన చూసి, "అమ్మా, నా బరువుకు ఇది ఎన్ని మిల్లీలీటర్లు తాగాలి? డబ్బా మీద ఏమీ రాయలేదే" అని అడిగింది.

చేదుగా ఉందని మారాం చేసి ఉంటే బుజ్జగించి తాగించేదాన్ని. ఈ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. "చెట్టు మందుకు లెక్కలుండవు, మా జేజి మాకందరికీ ఇదే ఇచ్చేది" అని కాస్త గట్టిగానే అన్నాను. తను ఎదురు చెప్పకుండా గ్లాసు బల్ల మీద పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయింది.

నిజానికి ఆ ప్రశ్న నేను నేర్పినదే. జ్వరం వచ్చినప్పుడల్లా తనను తూకం మీద నిలబెట్టి, కిలోకు పది నుంచి పదిహేను మిల్లీగ్రాముల పారాసిటమాల్ అని లెక్కకట్టి, గీతలున్న సిరంజిలోకి మందు తీసి, వేళ రాసిపెట్టుకొని ఇచ్చేది నేనే. నేను రోజూ ఉదయం వేసుకునే థైరాయిడ్ మాత్రను మైక్రోగ్రాముల్లో కొలుస్తారు; ఆ హార్మోనును 1927లో ప్రయోగశాలలో తయారుచేయగలిగారు. ఆ మాత్రకు బదులుగా ఏ ఆకైనా ఉందా అని నేను ఏనాడూ వెతకలేదు. నా ఒంటికి ఇంత కచ్చితమైన కొలత కావాలనుకునే నేను, బిడ్డ మాత్రం అమ్మ మీది నమ్మకంతో కళ్ళు మూసుకొని తాగాలని ఎలా అనుకున్నాను?

సిద్ధవటంలో మా జేజి ఇంటి దొడ్డికి కంచె అడ్డసరమే, ఎందుకంటే మేకలు ఆ ఆకును ముట్టవు. జేజి లేతాకు కోసేది కాదు, పండుబారిన ఆకు తీసుకునేది కాదు. కడుపుతో ఉన్నవాళ్ళు ఎంత దగ్గుతున్నా ఇచ్చేది కాదు. ఆ ఆకులోని వాసిసిన్ అనే పదార్థానికి గర్భాశయాన్ని సంకోచింపజేసే గుణం ఉందని శాస్త్రవేత్తలు చూపించారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మన ఊళ్ళలో దగ్గు సిరప్పుల్లో కనిపించే బ్రోంహెక్సిన్, ఆంబ్రాక్సాల్ కూడా ఆ వాసిసిన్‌ను చూసి, దాన్ని మార్చి తయారుచేసినవే. అది చదివిన రోజున మా జేజే గెలిచినట్లు పొంగిపోయాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆకునూ మాత్రనూ పగవాళ్ళుగా నిలబెట్టింది నేనే. ఏ ఆకు, ఎవరికి, ఎంత అన్నది జేజికి తెలుసు. నాకు చేరింది పొడి మాత్రమే, ఆ తెలివి చేరలేదు.

ఇంతకన్నా బరువైనది మరొకటి ఉంది. అమ్మాయి పసిబిడ్డగా ఉన్నప్పుడు మా అమ్మ ఇక్కడికి వచ్చి, మాటలు స్పష్టంగా రావాలని, వసకొమ్మును సానమీద అరగదీసి చనుబాలతో కలిపి నాలుకకు రాసేది. అమెరికాలో 1968 నుంచి వసను ఆహారంలో వాడడం నిషేధమని, అందులోని బీటా అసరోన్ ఎలుకల్లో కంతులు కలిగించిందని అప్పటికి నాకు తెలియదు. అది నా అజ్ఞానం, దాన్ని క్షమించుకోగలను. కాని డాక్టరు "ఇంకేమైనా మందులు ఇస్తున్నారా?" అని అడిగినప్పుడు "లేదు" అన్నాను. అమ్మను తక్కువగా చూస్తారేమోనన్న భయమే నా చేత అబద్ధం చెప్పించింది. బిడ్డకు ఏమీ కాలేదు గానీ ఆ "లేదు" మాత్రం నాతోనే ఉండిపోయింది.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి, జేజి ఎంత ఆకు వేసేదని అడిగాను. అమ్మ కాసేపు తలచుకొని, "తాగేవాళ్ళ పిడికెడు వేసేది మా. బిడ్డకైతే బిడ్డ పిడికెడు, నాయనకైతే నాయన పిడికెడు. తన చేత్తో కొలిచేది కాదు" అంది.

ఆ మాట అమ్మాయికి చెబితే, తను పిడికిలి బిగించి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకొని, "అయితే జేజి కూడా బరువు చూసే ఇచ్చేదన్నమాట" అంది. నాకు సంతోషమే కలిగింది, కాని ఆ వెంటనే సందేహం వచ్చింది. పచ్చి ఆకు పిడికెడైతే, ఎండబెట్టి దంచిన పొడి ఎంతవుతుంది? ఆ పొడిని ఎవరు దంచారో, అందులో ఇంకేం కలిసిందో అమ్మకూ తెలియదు, అది అంగడిలో కొన్నదే. ఆ గ్లాసును తీసి పారబోశాను. తేనె మాత్రం గోరువెచ్చని నీళ్ళలో కలిపి ఇస్తే తాగింది.

దగ్గు తగ్గకపోవడంతో నిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళాము. అక్కడ ఇచ్చిన కాగితంలో ఇంట్లో వాడే ఇతర మందుల గడి ఉంది. ఇన్నేళ్ళూ ఖాళీగా వదిలేసిన ఆ గడిలో ఈసారి అడ్డసరం అని రాసి, తాగలేదని పక్కనే రాశాను. కొంచెం ఆలోచించి, పసితనంలో వస రాసిన సంగతి కూడా చేర్చాను. మోతాదు అన్న చోట కలం ఆగిపోయింది. అమ్మాయి నా భుజం మీదుగా చూస్తూ ఉంది.