పెరితను గుర్తుపట్టడానికి నాకు రెండు ఎండాకాలాలు పట్టాయి

మా పాత స్టూడెంట్ ఒకడు ఫోన్‌కి ఒక ఫొటో పంపాడు. ఎండిన గడ్డి మధ్యలో మోకాలెత్తు మొక్క, ఈకల్లా పరుచుకున్న ఆకులు. "మేడమ్, శేషాచలం కొండల్లో తీశాను. ఇది ఈతా, సైకాసా?" అని అడిగాడు. సైకాస్ అంటే చూడ్డానికి ఈతలా ఉన్నా, పూలు పూయకుండానే విత్తనాలు వేసే మొక్క. డిగ్రీ కాలేజీలో ఏళ్ల తరబడి సైకాస్ పాఠం చెబుతున్నాను. వేళ్ల నుంచి శంకువు దాకా బోర్డు మీద బొమ్మ వేసి చూపించగలను. అయినా ఆ ఫొటో చూసి ఫలానా అని తేల్చి చెప్పలేకపోయాను.

అది సైకాస్ అయితే మాత్రం మామూలు సంగతి కాదు. తిరుపతి, కడప కొండలే తన ఇల్లుగా బతికే సైకాస్ ఒకటుంది. శాస్త్రీయంగా సైకాస్ బెడ్డోమి, మనవాళ్లు పెరిత అంటారు. 1883లో వృక్షశాస్త్రవేత్త థిసెల్టన్ డయర్ దీన్ని వర్ణించి, మద్రాసు ప్రెసిడెన్సీ అడవుల శాఖలో పనిచేసిన బెడ్డోమ్ పేరు పెట్టాడు. ముప్పులో ఉన్న మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో మిగతా సైకాస్ జాతులన్నీ రెండో అనుబంధంలో ఉంటే, దీన్నొక్కదాన్నే అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో చేర్చారు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనూ దీనికి ప్రత్యేక రక్షణ ఉంది. అనుమతి లేకుండా అడవిలో దాని ఆకు కోసినా నేరమే.

అందుకే అటవీశాఖకు పెట్టుకున్న దరఖాస్తులో ఒకే మాట రాశాను: చూస్తాను, కొలుస్తాను, ఫొటో తీస్తాను, ఏదీ తెంపను. ఆ కొండల్లో ఎర్రచందనం ఉంది కాబట్టి లోపలికి వెళ్లే ప్రతి మనిషి మీదా కన్నుంటుంది. అనుమతి చేతికొచ్చేసరికి ఎండలు ముదిరాయి.

బీట్ ఆఫీసర్, ఒక వాచర్ నాతో వచ్చారు. వాగు పక్క నీడలో నడుస్తుంటే గంటలోపే అచ్చం ఫొటోలో ఉన్నట్టి మొక్కలు కనిపించాయి. నా గుండె వేగంగా కొట్టుకుంది. వాచర్ మాత్రం ఆగలేదు.

"అది చిట్టీత మేడమ్. పెరిత ఈ నీడలో ఉండదు. పైన బోడిమీద ఉండాది."

వంగి చూశాను. చిట్టీత ఆకులో ప్రతి రెబ్బా మధ్యకి మడిచిన కాగితంలా, చిన్న తూములా ఉంది. కాడ మొదట్లో రెబ్బలు ముళ్లుగా మారాయి. దూరం నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి, చేత్తో తాకితే పోలికే లేదు. నేను ఆకుతో గుర్తుపట్టాలని చూస్తుంటే ఆయన చోటుతో గుర్తుపడుతున్నాడు. ఆ రోజు నుంచి నా నోట్‌బుక్‌లో మొక్క వర్ణన కంటే ముందు అది నిలబడ్డ నేల గురించి రాయడం మొదలుపెట్టాను.

పైకి ఎక్కాక చెట్లు పలచబడ్డాయి. తెల్లటి క్వార్ట్‌జైట్ రాళ్లు, వాటి సందుల్లో పిడికెడు మట్టి, ఎండిన గడ్డి, అక్కడక్కడా పొదలు. నీడన్నది లేదు. వాలంతా ఈమధ్యే కాలినట్టు నల్లగా ఉంది. ఆ నలుపు మధ్యలో పొట్టి మొద్దు ఒకటి, ఒళ్లంతా రాలిన ఆకుల మొదళ్లతో, బొగ్గుపట్టి ఉంది. దాని నెత్తిన మాత్రం లేత పచ్చని ఆకులు గొడుగులా విచ్చుకుని ఉన్నాయి. పాత ఆకుల మొదళ్లే దానికి మంట తగలకుండా కవచం. కొత్త ఆకుల్లో కొన్ని రెబ్బల కొసలు ఇంకా ఫెర్న్ మొగ్గలా చుట్టుకునే ఉన్నాయి. ఈతలో ఇది కనిపించదు.

భూతద్దం పెట్టి ఒక రెబ్బను మెల్లగా తిప్పాను. వెడల్పు 3, 4 మిల్లీమీటర్లు. నడిమి ఈనె ఒక్కటే, పక్క ఈనెలు లేవు. అంచులు రెండూ కిందికి చుట్టుకుని ఉన్నాయి, చీర అంచు మడిచి కుట్టినట్టు. సైకాస్ సర్సినాలిస్ అనే మరో జాతిలో రెబ్బలు ఇంకా వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటాయి, కాబట్టి అది కాదు.

అక్కడితో తేలిపోయిందనుకోవచ్చు. కానీ మన తోటల్లో పెంచే జపాన్ సైకాస్‌కి కూడా అంచులు ఇలాగే చుట్టుకుంటాయి. ఆ వాలు మీద ఎవరూ తోట మొక్క నాటరని తెలుసు. అయినా కాగితం మీద పేరు రాయాలంటే ఆడ మొక్క కావాలి. సైకాస్‌లో ఆడ, మగ వేరు వేరు మొక్కలు, ఆడదాన్ని చూస్తేనే సందేహం తీరుతుంది. ఆ ఏడు మాకది దొరకలేదు. 'సైకాస్, బహుశా బెడ్డోమి' అని రాసుకుని దిగొచ్చేశాను. ఆ 'బహుశా' ఏడాదంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

మరుసటి ఎండాకాలం అదే వాచర్ ముందు నడిచాడు. ఈసారి దొరికింది. ఆకుల నడుమ జానెడు పొడవున్న, అండాలు మోసే గోధుమరంగు ఆకులు విచ్చుకుని ఉన్నాయి. ఒక్కోటీ సన్నని బల్లెం మొనలా ఉంది. అంచున చిన్న పళ్లు, కొసన పొడవైన సూది. కాడకు రెండు పక్కలా గుండ్రని అండాలు, ఏ తొడుగూ లేకుండా బయటికే. జపాన్ సైకాస్‌లో ఇదే భాగం దువ్వెనలా లోతుగా చీలి, మందంగా నూగు కప్పుకుని ఉంటుంది. స్కేలు పక్కన పెట్టి అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశాను. చేతులు వణుకుతున్నాయి. తరవాత యూనివర్సిటీలో వర్గీకరణ శాస్త్రం తెలిసిన ఒక ప్రొఫెసర్‌కు అన్నీ చూపించాను. ఆయన కూడా పెరితేనన్నారు.

దిగేటప్పుడు చూసింది మాత్రం మర్చిపోలేను. రెండు మొక్కల నడినెత్తిన కత్తితో కోసిన మోడులు. మగ మొక్క నడినెత్తిన వచ్చే శంకువును బలానికి మందని కోసుకుపోతారు. ఆ వాలు మీద మేం నడిచినంత మేరా పుప్పొడి ఉన్న శంకువు ఒక్కటీ కనిపించలేదు. అండాలతో నిలబడ్డ ఆ ఆడ మొక్క ఎవరి కోసం ఎదురుచూడాలి? కింద వెతికాను. పిల్ల మొక్క ఒక్కటీ లేదు. పెద్ద మొద్దు మంటను ఓర్చుకుంటుంది కానీ రెండాకుల మొలక ఏటేటా వచ్చే మంటకు ఎలా నిలుస్తుంది? వాచర్ ఆ మోడు మీద చేయి పెట్టి కాసేపు మాట్లాడలేదు.

రిపోర్టులో మొక్క వివరాలు, వాలు, రాయి, కాలిన గుర్తులు, కోసిన మోడులు అన్నీ రాశాను. ఎక్కడుందో మాత్రం అటవీశాఖకు విడిగా ఇచ్చాను. క్లాసులో చూపించే ఫొటోల్లోంచి లొకేషన్ తీసేశాను.

ఇంటికొచ్చాక మా స్టూడెంట్‌కి మెసేజ్ పెట్టాను: "పెరితే. నీ ఫొటో ఇంకా ఎవరికైనా పంపావా?"

"ఒక గ్రూపులో పెట్టాను మేడమ్."

"ఇప్పుడే తీసెయ్ నాన్నా."

రెండు నిమిషాలకు జవాబొచ్చింది. "తీసేశాను."