నిమ్మతోటలో గంజాయి ముచ్చట

కొండ దిగిన మర్నాడు శ్రీకాళహస్తి వెళ్దామంటే అన్నయ్య వినలేదు. నిమ్మతోటలు చూడాలన్నాడు. అన్నయ్యంటే మా పెదనాన్న కొడుకు, కెనడాలో కొత్త గంజాయి రకాలు తయారు చేస్తాడు. అక్కడ 2018 అక్టోబరు నుంచి అది చట్టబద్ధమే. పూతలో నారింజ, నిమ్మ వాసన పలికే మొక్కల కోసం ఆయన వెతుకులాట. చుట్టాలకు మాత్రం ‘ఔషధ మొక్కలు’ అని చెప్పి ఊరుకుంటాం.

రేణిగుంట, ఏర్పేడు దాటి వెంకటగిరి దారి పట్టాం. ఎండ మండిపోతోంది. పెట్లూరు నిమ్మ పరిశోధన స్థానం ఈ చుట్టుపక్కలే. మేం ఆగిన తోటలో గజ్జి తెగులును తట్టుకునే ‘బాలాజీ’ రకం చెట్లున్నాయి. తిరుపతి పక్కన ఆ పేరు కాక ఇంకేం పెడతారు!

అన్నయ్య ఒక ఆకు తెంపి ఎండకెత్తి చూపించాడు. సూదితో పొడిచినట్టు మెరిసే చుక్కలు, అన్నీ నూనె తిత్తులే. తర్వాత అగ్గిపుల్ల గీసి, నిమ్మతొక్కను మంట దగ్గర మడిచి నొక్కాడు. చిటపటమని నిప్పురవ్వలు లేచాయి. అలా మండింది తొక్కలోని నూనె. అందులో ముఖ్యమైనది లిమోనీన్. గంజాయిలో అదే పదార్థం ఆడపూత మీది జిగురు నూగులో తయారవుతుంది. నిన్న గుడిలో తీర్థంలో తగిలిన పచ్చకర్పూరం కూడా టెర్పీన్లనే ఈ మొక్కల వాసన పదార్థాల కుటుంబానిదేనట.

నిమ్మతో కొత్త రకం తీయడం మహా కష్టం. ఒక్క గింజ నుంచి రెండు మూడు మొలకలు రావచ్చు, వాటిలో ఎక్కువ తల్లికి నకళ్లే. సంకరపరిచినా ఆ నకళ్ల మధ్య అసలు సంకరాన్ని ఏరుకోవాలి, కాపు కోసం ఏళ్లు ఆగాలి. గంజాయిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. గింజకో గుణం, నెలల్లోనే పూత. వాసన మాత్రం పూశాకే తెలుస్తుంది. నచ్చిన మొక్క దొరికితే కొమ్మలు కత్తిరించి నాటి నకళ్లు తీస్తారు. అయితే లిమోనీన్ పెరిగినంత మాత్రాన పని అయిపోదు. కొన్ని రకాల్లో పుల్లటి పండు వాసనకు అతి కొద్ది మోతాదులో ఉండే గంధక సమ్మేళనాలే కారణమని 2023లో తేలింది. ఇంత శ్రమ వాసన కోసమా అని నాకు లోలోపల నవ్వొచ్చింది.

గంజాయి మాట చెవిన పడగానే తోట రైతు అటూ ఇటూ చూశాడు. ఆయన భయం న్యాయమే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా పెంచితే పదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా.

“వాసన కోసమే అయితే మా కాయలు కొనుక్కోవచ్చు కదా సార్?” అన్నాడు.

“రసం తీశాక మిగిలిన నారింజ తొక్కల నుంచి లిమోనీన్ చౌకగా వస్తుందండీ. దాన్ని కొని కలిపేసేవాళ్లూ ఉన్నారు. మా పాట్లన్నీ ఏమీ కలపకుండా మొక్కకే ఆ వాసన తెప్పించాలనే,” అన్నాడు అన్నయ్య.

రైతు ఏమీ అనలేదు. అర బస్తా కాయలు మాత్రం మాకు అంటగట్టాడు.