బుల్లెట్ ఛార్జింగ్ పోతే: కోనసీమలో స్టేటర్ కట్టించిన నా అనుభవం

నాన్న 1990లలో కొన్న కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350ని ఇప్పుడు నేను నడుపుతున్నాను. సెల్ఫ్ లేదు, కిక్కే. కిక్ కొట్టే ముందు హెడ్‌లైట్ పైనున్న ఆంప్ మీటర్ చూసుకోవాలి; బ్యాటరీలోకి కరెంటు వెళ్తుంటే దాని ముల్లు ప్లస్ వైపు, బ్యాటరీ నుంచి ఖర్చవుతుంటే మైనస్ వైపు వాలుతుంది. తాళం తిప్పి కిక్‌ని మెల్లగా నొక్కుతుంటే, పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటును కలిపి విడదీసే స్విచ్చు లాంటివి) కలిసి ఉన్నంతసేపూ ముల్లు మైనస్ వైపు వాలి ఉంటుంది, విడిపోగానే మధ్యకు వస్తుంది. అప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి వదిలేసే డీకంప్రెసర్ లివర్ పట్టుకుని కిక్ ఇంకొంచెం దించి, లివర్ వదిలేసి గట్టిగా కొట్టాలి. ఈ బండిలో నాకు ప్రాణం ఆ మీటరే.

వరదలకు మా లంకలో బండి సగం చక్రం దాకా నీళ్లలో నిలబడింది. ఆ తర్వాత ఎంత రేజ్ చేసినా ముల్లు ప్లస్‌లోకి రావడం మానేసింది. హారన్ నీరసంగా మోగేది. బ్యాటరీ మార్చమన్నారు అందరూ. కానీ బయట ఛార్జ్ పెట్టిస్తే బ్యాటరీ 12.6 ఓల్టులు చూపించి అలాగే నిలిచింది. బండి స్టార్ట్ చేస్తేనే దిగిపోతోంది. అంటే కరెంటు పుట్టే చోటే తేడా ఉంది.

బుల్లెట్‌లో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఎడమవైపు ప్రైమరీ చైన్ కేసులో, అంటే ఇంజన్ నుంచి క్లచ్‌కి వెళ్లే చైన్ ఉండే పెట్టెలో ఉంటుంది. క్రాంక్ చివర అయస్కాంతం రోటర్ తిరుగుతుంది, దాని చుట్టూ స్టడ్ల మీద స్టేటర్ కాయిల్స్ (తీగ చుట్లు) కదలకుండా ఉంటాయి. పాత జావా డైనమోలో లాగా అరిగే కార్బన్ బ్రష్‌లు ఇందులో ఉండవు, అందుకే ఏళ్ల తరబడి దీన్ని ఎవరూ విప్పరు. ఫుట్‌రెస్ట్, బ్రేక్ పెడల్ తీసి మధ్యలో ఉన్న ఒక్క పెద్ద నట్టు విప్పితే కవర్ వచ్చేసింది. లోపల ఆయిల్ నీళ్లు కలిసి తెల్లబడిపోయింది. మల్టీమీటర్ ఒక కొన స్టేటర్ వైరుకి, ఇంకో కొన దాని ఇనప కోర్‌కి పెడితే బీప్ అంది. అలా మోగకూడదు, వైండింగ్ బాడీకి షార్టయింది.

మా వైపు వరి చేలకీ, చెరువులకీ మోటార్లు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి వైండింగ్ షాపులకు కొదవ లేదు. అమలాపురంలో ఒకాయన స్టేటర్ చూసి, “ఆయ్, కట్టేద్దామండి. పాత చుట్లు లెక్కపెట్టాకే కొత్త తీగ వేస్తాను” అన్నారు. ఆయన జాగ్రత్త నాకు బాగా నచ్చింది. తీగ మందం మైక్రోమీటర్‌తో కొలిచారు. పక్కపక్క కాయిల్స్‌ని ఎదురు దిశల్లో చుట్టారు. రోటర్ మీద ఉత్తర, దక్షిణ ధ్రువాలు ఒకదాని పక్కన ఒకటి వస్తాయి కాబట్టి, అన్నీ ఒకే దిశలో చుడితే ఒక కాయిల్ కరెంటును పక్కది కొట్టేస్తుంది. వేడి ఆయిల్‌కి తట్టుకునే వార్నిష్ పోసి ఆరబెట్టి ఇచ్చారు.

బిగించేటప్పుడు ఓపిక కావాలి. రోటర్‌కీ స్టేటర్‌కీ మధ్య చుట్టూ కనీసం 0.2 మిల్లీమీటర్ల సందు ఉండాలి. సందు కొలిచే పల్చటి రేకు, ఫీలర్ గేజ్, ఒకచోట దూరి ఇంకోచోట పట్టేస్తే, నట్లు వదులు చేసి మళ్లీ సర్దాల్సిందే. తగిలిందంటే కొత్త వైండింగ్ కూడా పోతుంది.

స్టార్ట్ చేసి రేజ్ చేస్తే బ్యాటరీ దగ్గర 14 ఓల్టులు దాటలేదు కానీ 13.5 పైనే నిలబడింది, ముల్లు ప్లస్‌లోకి వచ్చింది. వైర్లు బయటకొచ్చే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ కూడా కొత్తది వేయించాను. పాతది గట్టిపడి పగిలింది, ఆయిల్ కారేదీ అక్కడి నుంచే.