సంఘం అనే మాట

నల్లగొండ జిల్లాలో పుట్టినవాళ్లకు సంఘం అనే మాట పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. మన తాతల తరంలో ‘సంఘపోళ్లు’ అంటే ఆంధ్ర మహాసభ వాళ్లు. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరి మహాసభ జరిగాక ఊళ్లో సంఘం పెట్టడమంటే వెట్టి ఇక చెయ్యబోమని దొర మొహం మీద చెప్పడమే. మన అక్కల తరానికి సంఘమంటే పొదుపు సంఘం, చాప పరుచుకుని కూర్చుని లెక్క రాసుకునేది. ఇప్పుడు మనం పెట్టుకున్నది పూర్వ విద్యార్థుల సంఘం. వీటన్నిటికీ ఎన్నో వందల ఏళ్ల ముందు, ఇదే నేల మీద, ఫణిగిరి గుట్టపైనా కృష్ణ ఒడ్డున ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురిలోనూ ఈ మాటకు అర్థం ఒకటే: కలిసి కూర్చుని, విని, ఒప్పుకుని, ఆ ఒప్పుకున్నదాని ప్రకారం నడుచుకునే భిక్షువులు.

మన పాత బ్యాచుల్లో బుద్ధుడి దారి పట్టినవాళ్లు రెండు రకాలు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ తీసుకున్న దీక్ష వెలుగులో వచ్చినవాళ్లు కొందరు. సాగర్ రోడ్డు మీది ధమ్మఖేత్తలోనో, నాగార్జునసాగర్ హిల్ కాలనీలోని ధమ్మనాగజ్జునలోనో పదిరోజుల విపశ్యన శిబిరం చేసి వచ్చినవాళ్లు కొందరు. ‘కళ్లు మూసుకుంటే కులం పోతదా’ అని మొదటివాళ్ల ప్రశ్న. ‘ఉపన్యాసాలే తప్ప సాధనేది’ అని రెండోవాళ్ల ప్రశ్న. రెండూ న్యాయమైన ప్రశ్నలే. అయితే ఇద్దరూ ‘సంఘం సరణం గచ్ఛామి’ అని మూడుసార్లు చెప్పి, ఆ మూడో శరణాన్నే పక్కన పెడుతున్నారు. బుద్ధం, ధమ్మం గురించి మనకు మాటలు చాలా ఉన్నాయి. సంఘాన్ని నడిపే పద్ధతి గురించే తక్కువ. ఈ వ్యాసం దాని గురించి.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఈ విషయమే ఎత్తారు. పార్లమెంటు పద్ధతి భారతదేశానికి కొత్త కాదన్నారు. ఎవరెక్కడ కూర్చోవాలి, తీర్మానం ఎట్లా పెట్టాలి, ఎంతమంది ఉంటే సభ చెల్లుతుంది, ఓట్లు ఎట్లా లెక్కపెట్టాలి, ఒకసారి తీర్పయిన విషయాన్ని మళ్లీ తోడవచ్చా, ఇవన్నీ బౌద్ధ భిక్షు సంఘాలకు తెలుసని చెప్పారు. భిక్షువుల నియమాల గ్రంథం వినయ పిటకం తెరిస్తే ఆయన మాటకు సాక్ష్యం ప్రతి పేజీలో కనిపిస్తుంది. మామూలు పనులకు నలుగురు భిక్షువులు లేనిదే సంఘం కాదు. మధ్యదేశంలో, అంటే బుద్ధుడు తిరిగిన గంగా మైదానంలో, ఉపసంపద (పూర్తి భిక్షు దీక్ష) ఇవ్వాలంటే పదిమంది కావాలి. పెద్ద తప్పు చేసి, శిక్ష పూర్తి చేసుకున్న భిక్షువును తిరిగి చేర్చుకోవడానికి ఇరవైమంది. అంటే శిక్షించడానికి కావలసినవాళ్లకంటే క్షమించి కలుపుకోవడానికి ఎక్కువమంది ఉండాలన్నమాట. ఈ ఒక్క నియమం మీదే ఒక రోజంతా మాట్లాడుకోవచ్చు.

తీర్మానం ‘సుణాతు మే భంతే సంఘో’ అని మొదలవుతుంది, సంఘం నా మాట వినుగాక అని. చిన్న విషయమైతే ఒకసారి తీర్మానం, ఒకసారి ప్రకటన. పెద్ద విషయమైతే ప్రకటన మూడుసార్లు. ఒప్పుకున్నవాళ్లు మౌనంగా ఉండాలి, ఒప్పుకోనివాళ్లు మాట్లాడాలి. మన సభల్లో ఇది తలకిందులుగా ఉంటుంది: ఒప్పుకున్నవాళ్లు చప్పట్లు కొడతారు, ఒప్పుకోనివాళ్లు చాయ్ తాగుతూ బయట మాట్లాడతారు. రోగం వల్ల రాలేని భిక్షువు తన సమ్మతిని మరొకరితో పంపాలి. వివాదం తెగకపోతే శలాకలు, అంటే పుల్లలు పంచి ఓటు తీసుకుంటారు. రహస్యంగా, చెవిలో చెప్పి, బహిరంగంగా అని అందులో మూడు విధాలు. పుల్లలు పంచే మనిషి ఇష్టానికి, ద్వేషానికి, మోహానికి, భయానికి లొంగనివాడై ఉండాలి. ఏ పుల్ల తీసుకున్నారో, ఏది తీసుకోలేదో తెలిసినవాడై ఉండాలి. పోలింగ్ డ్యూటీ పడిన మన టీచర్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇది భిక్షువుల పద్ధతి, గృహస్థులకు ఎట్లా కుదురుతుందంటారేమో. పౌర్ణమి కూడికకు తప్పక కుదురుతుంది. పది పదిహేను మంది చాలు. ఎండాకాలమైతే ఉదయం అయిదున్నరకే మొదలుపెట్టాలి, ఎనిమిది దాటితే మన జిల్లా డాబాలమీద కూర్చోవడం కాని పని. మొదట తిసరణం (మూడు శరణాలు), పంచశీలం. ‘పాణాతిపాతా వేరమణీ సిక్ఖాపదం సమాదియామి’ (ప్రాణం తీయననే శిక్షాపదం తీసుకుంటున్నాను) అన్నప్పుడు ‘సిక్ఖాపదం’ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అది ఆజ్ఞ కాదు, నేర్చుకోవడానికి తీసుకున్న పాఠం. బడిలో పాఠం తప్పితే మళ్లీ చదివినట్టే శీలం తప్పితే మళ్లీ తీసుకోవచ్చు. తర్వాత అరగంట ఆనాపానం, అంటే శ్వాసను గమనించే ధ్యానం.

కూర్చోవడంలో కష్టమంతా నడుం దగ్గరే మొదలవుతుంది. దుప్పటిని మడిచి నాలుగైదు అంగుళాల ఎత్తు చేసి, దాని ముందు అంచు మీద కూర్చుంటే మోకాళ్లు తుంటికంటే కిందికి దిగి నేలకు ఆనుతాయి. మోకాళ్లు పైకి లేచి ఉంటే నడుం వంగుతుంది, పది నిమిషాల్లో నొప్పి, పావుగంటలో కునుకు. మోకాళ్లు అరిగినవాళ్లు కుర్చీలో కూర్చోవాలి, పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, వీపు కుర్చీకి ఆనకూడదు. దృష్టి ముక్కు కొస దగ్గర, శ్వాస తగిలే చోట. శ్వాసను సాగదీయొద్దు, బిగబట్టొద్దు. పొడుగ్గా వస్తే పొడుగని, పొట్టిగా వస్తే పొట్టిదని తెలుసుకోవడమే పని. ప్రాణాయామం నేర్చుకుని వచ్చినవాళ్లకు ఇక్కడే ఇబ్బంది, వాళ్ల చేతులు పగ్గం వదలవు.

ఇక నిద్ర. పొలం పని చేసి వచ్చినవాళ్లకూ నైట్ డ్యూటీ చేసినవాళ్లకూ కునుకు రావడం పాపం కాదు. బుద్ధుడి ముఖ్య శిష్యుడు మొగ్గల్లానుడికే వచ్చింది. బుద్ధుడు ఆయనకు చెప్పిన ఉపాయాలు వరసగా ఉన్నాయి: ఏ ఆలోచనతో నిద్ర వస్తోందో ఆ ఆలోచన వదిలెయ్. లొంగకపోతే విన్న ధమ్మాన్ని నెమరువెయ్. తర్వాత పైకి వల్లించు. అప్పటికీ పోకపోతే చెవితమ్మెలు లాగు, ఒళ్లు రుద్దుకో. లేచి కళ్లు నీళ్లతో కడుక్కుని దిక్కులు చూడు, చుక్కలు చూడు. వెలుగును మనసులో పెట్టుకో. లేచి అటూఇటూ నడువు. ఇవన్నీ చేసినా పోకపోతే కుడిపక్కకు తిరిగి పడుకో, లేచే వేళ మనసులో పెట్టుకుని. చివరి మాటలో ఎంత దయ ఉందో చూడండి. శరీరానికి నిజంగా నిద్రే కావాల్సి ఉంటే దాన్నీ ఎరుకతోనే ఇమ్మన్నాడు.

ఆనాపానం అయ్యాక ఒక సుత్తం (బుద్ధుడి ఉపదేశం) నుంచి ఒక పేజీ, ఆ తర్వాత మాటలు. అందరూ ఒకసారి మాట్లాడేదాకా ఎవరూ రెండోసారి మాట్లాడకూడదు. ఈ నియమం పెట్టని కూడికల్లో రెండు మూడు నెలలకే ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు, ఆరు నెలలకు ఆ ఇద్దరే మిగులుతారు. మైకు వద్దు, పదిహేను మందికి మైకెందుకు? దండలు, శాలువాలు వద్దు. ఆడవాళ్లను వెనక వరసలో కూర్చోబెట్టొద్దు; గుండ్రంగా కూర్చుంటే వెనక వరసే ఉండదు. డబ్బు లెక్క అందరి ముందూ చదవాలి, అయిదు వందలైనా సరే. ఆ రోజుకు ఎనిమిది నియమాల అష్టశీలం తీసుకున్నవాళ్లుంటే మధ్యాహ్నం పన్నెండులోపే భోజనం ముగియాలి, అందువల్ల వంటకు ఆలస్యం కాకుండా జొన్నరొట్టె, పప్పు, ఒక కూరతో ఆపడం మంచిది.

ఏడాదికోసారి ప్రవారణ. వానాకాలం మూడు నెలలు ఒకేచోట ఉండే వర్షావాసం ముగిసిన రోజున ప్రతి భిక్షువూ సంఘం ముందు చేతులు జోడించి, ‘నాలో మీరు చూసినది, విన్నది, అనుమానించినది ఉంటే దయతో చెప్పండి, దిద్దుకుంటాను’ అని అడుగుతాడు. పెద్దవాడు ముందు అడుగుతాడు, చిన్నవాడు తర్వాత. అధ్యక్షుడు, కార్యదర్శి ముందుగా ఇట్లా అడిగే సంఘం మన జిల్లాలో ఒక్కటున్నా గొప్పే. మన పూర్వ విద్యార్థుల సంఘమే ఎందుకు కాకూడదు?

ఎన్నికలప్పుడు ఈ సాధనకు పరీక్ష. అయిదో శీలం సురామేరయం, అంటే మత్తు పానీయాల గురించి, రెండోది ఇవ్వనిది తీసుకోకపోవడం గురించి. ఓటుకు నోటు ఎవరో ఇచ్చిందే కదా, ఇవ్వనిది కాదు కదా అని వాదిస్తారు. ఆ నోటుతో పాటు రేపటి బడి గోడా, ఆసుపత్రి మందూ తీసుకుపోతున్నారు. వాటిని ఇవ్వడానికి మనకు హక్కు లేదు. బుద్ధుడి ఉపదేశాల సంకలనం అంగుత్తర నికాయంలో ఉపాసకుడు (గృహస్థ శిష్యుడు) చెయ్యకూడని వ్యాపారాలు అయిదు చెప్పారు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. ఎన్నికల వారం ఊరికి మందు సరఫరా చేసే పని ఏ పార్టీ కోసం చేసినా నాలుగోదాని కిందికి వస్తుంది. పార్టీ జెండా మోసే బౌద్ధులు మన మధ్య ఉన్నారు, ఉండాలి కూడా. కూడికలో మాత్రం పార్టీ పేరు వద్దు, శీలం పేరుతో మాట్లాడుకుంటే చాలు. ఆ మాట అన్ని పార్టీలకూ తగులుతుంది.

నీళ్ల సంగతి ఇంకా దగ్గరిది. సిద్ధార్థుడు ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని మొదటిసారి చూసి ఇల్లు వదిలాడన్న కథను అంబేడ్కర్ ఒప్పుకోలేదు. ఆయన చెప్పిన చరిత్రలో రోహిణి నది నీళ్లకోసం శాక్యులకూ కోలియులకూ గొడవ. శాక్య సంఘం యుద్ధానికి తీర్మానించింది. సిద్ధార్థుడు వేరే మార్గం చూపించాడు: వాళ్లు ఇద్దరిని, మనం ఇద్దరిని ఎంచుకుందాం, ఆ నలుగురూ అయిదో మనిషిని ఎంచుకోవాలి, అయిదుగురి తీర్పు అందరం ఒప్పుకోవాలి. ఓటింగులో ఓడిపోయాడు. యుద్ధంలో చేరనని చెప్పి, కుటుంబానికి శిక్ష పడకుండా తానే దేశం విడిచాడు. మన కృష్ణా నీళ్లకు 1969లో బచావత్ ట్రిబ్యునల్ వేశారు, అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు ఇచ్చింది, వాటిలో ఎవరి వాటా ఎంతన్న పేచీ రాష్ట్రాలు రెండయ్యాక కూడా నడిచింది. ఆ నది పక్కనే పారుతుంటే మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు పిల్లలు బోరింగు నీళ్లు తాగి పళ్లు గారపట్టి, కాళ్లు వంకరపోయి పెరిగారు. మన క్లాస్ ఫోటోల్లో నోరు మూసుకుని నవ్వినవాళ్లను గుర్తుపడితే చాలు, ఫ్లోరైడ్ అంటే ఏమిటో వేరే చెప్పక్కరలేదు.

లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర దాకా. దాన్ని తీసే పద్ధతికి నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు మన జిల్లా పేరే పెట్టారు, ‘నల్లగొండ టెక్నిక్’ అని. నీళ్లలో ముందు సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడరు వేసి కలపాలి. తర్వాత పటిక ద్రావణం పోసి పది ఇరవై నిమిషాలు నెమ్మదిగా తిప్పాలి, గంటసేపు కదపకుండా ఉంచి పైనున్న తేట నీళ్లు తీసుకోవాలి. సున్నం దాదాపు పటికలో ఇరవయ్యో వంతు. పటిక ఎంతో మాత్రం ఆ బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌నూ క్షారాన్నీ పరీక్షించాకే తేలుతుంది, పక్క ఊరి కొలత పనికిరాదు. ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. అడుగున తేరిన మడ్డిని ఎక్కడ పారబోస్తామన్నది ఇంకో చిక్కు. రోజూ ఎవరో ఒకరు చెయ్యాలి కాబట్టి చాలాచోట్ల ఆగిపోయింది. పైపు నీళ్లు వచ్చిన ఊళ్లలో కూడా పైపు పగిలిన వారం బోరింగు వైపే నడుస్తారు. పౌర్ణమి కూడిక చేతిలో పెట్టుకోదగిన పని ఇదొకటి: ఊళ్లో ఏ బోరు ఎంత చూపిస్తుందో పరీక్ష చేయించి, దాని మీదే రంగుతో రాయడం.

సాగర్ ఎక్స్‌కర్షన్ మన బడిలో అన్ని బ్యాచులకూ ఉండేది. డ్యామ్ చూపించేవారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదలడం, బిట్ ప్రశ్నలుగా మనకు కంఠస్థం. ఆ నీళ్ల కింద విజయపురి ఉందని అంత గట్టిగా చెప్పలేదు. ఇప్పుడు వెళ్లేవాళ్లు శుక్రవారం వెళ్లొద్దు, నాగార్జునకొండ మ్యూజియం మూసి ఉంటుంది. లాంచీ ఉందో లేదో ముందే కనుక్కోవాలి. దీవి మీద మహాచైత్యం (పెద్ద స్తూపం) పునాది చూడండి, బండిచక్రంలా ఆకులు ఉంటాయి. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన ఆయక వేదికలు, ఒక్కోదానికి అయిదు స్తంభాలు: పుట్టుక, ఇల్లు విడవడం, బోధి, తొలి ఉపదేశం, పరినిర్వాణం. ప్రదక్షిణ ఎప్పుడూ కుడిభుజం స్తూపం వైపు ఉండేటట్టు. అక్కడి శాసనాల్లో దాతలు ఎక్కువగా స్త్రీలు. రాజు శాంతమూలుడి సోదరి చాంతిసిరి ఒకరు, రాజకుటుంబానికి చెందని ఉపాసిక బోధిసిరి ఒకరు. సింహళ భిక్షువులకు చైత్యగృహం కట్టించింది బోధిసిరే.

ఫణిగిరికి సూర్యాపేట నుంచి జనగామ రోడ్డున పోవాలి. గుట్ట పాము పడగలా ఉంటుంది, కింద బిక్కేరు వాగు. గుట్టమీద నీడ లేదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, పొద్దున ఎనిమిదిలోపు ఎక్కడం. నూనె దీపాలు, పసుపు, కుంకుమ, కొబ్బరికాయ వద్దు. సున్నపురాయి నూనెను పీల్చుకుంటే మరక ఎన్నటికీ పోదు. పూలు పెట్టినా తిరిగి వచ్చేటప్పుడు తీసేయాలి. తుమ్మలగూడెం మూడో తావు. విష్ణుకుండిన వంశపు రాజు గోవిందవర్మ అక్కడి ఇంద్రపురంలో మహాదేవి పేరిట ఉన్న విహారానికి దానం ఇచ్చిన రాగిరేకులు దొరికింది అక్కడే. పేరున్న చోట్లు ఇవి. పేరు లేనివి మూసీ, బిక్కేరు పొలాల్లో ఇంకా ఉన్నాయి.

2024లో ఫణిగిరి తవ్వకంలో మట్టికుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. ట్రాక్టరు నాగలికి కూడా ఇట్లాంటివి తగులుతాయి. ఇక్ష్వాకుల ఇటుక ఇప్పటి ఇటుకలా ఉండదు, దాదాపు 20 అంగుళాల పొడవు, 10 వెడల్పు, 3 మందం. పాత ఇటుకలని గోడకు వాడేస్తారు, నాణేలు కరిగిస్తారు, చెక్కిన రాయి బట్టలుతికే బండ అవుతుంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాలి. కడగొద్దు, రుద్దొద్దు, దొరికిన చోటినుంచి కదపొద్దు. ఫోటో తీసేటప్పుడు పక్కన పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు పెట్టండి, సర్వే నంబరు రాసుకోండి, తహసీల్దారుకు కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. మన బ్యాచుల్లో ఊరికొకరు ఉన్నారు, ఈ సంచికలోని ఈ పేజీ చించి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించినా సరే.