మైటర్ సా: బ్లేడ్ కంటే ముందు ఫెన్స్ చూడండి

మైటర్ సా, అంటే చెక్కని కావలసిన కోణంలో అడ్డంగా కోసే కరెంటు రంపం, దాని గురించి ఎవరు అడిగినా మోటారు ఎన్ని వాట్లు, బ్లేడ్ ఎన్ని అంగుళాలు అన్న దగ్గరే మొదలుపెడతారు. నేను మాత్రం ముందు ఫెన్స్ చూడమంటాను, అంటే చెక్కని వెనకనుంచి ఆనించే ఆ నిలువు పట్టీ. కోత నీట్‌గా రావాలన్నా, వేళ్లు క్షేమంగా ఉండాలన్నా, బ్లేడ్ దిగే చోట చెక్క కింద టేబుల్‌కీ వెనక ఫెన్స్‌కీ పూర్తిగా ఆని కదలకుండా ఉండాలి. 10 అంగుళాల బ్లేడ్ నిమిషానికి 4,800 చుట్లు తిరుగుతుంటే దాని పళ్లు సెకనుకి 60 మీటర్లు దాటిన వేగంతో వెళ్తుంటాయి. ఆ వేగంలో చెక్క కొంచెం పక్కకి తిరిగినా దాన్ని ఆపే టైం చేతికి దొరకదు.

అందుకే మొదట మెషిన్‌ని గట్టి బల్లకి బోల్టులతో బిగించండి. నేల మీద పెట్టుకుని వంగి కోయడం నాకు అసలు నచ్చదు, ఒళ్లు తూలితే చెయ్యి ఎటు పోతుందో చెప్పలేం. తర్వాత ప్లగ్ తీసేసి, బ్లేడ్‌ని కిందికి దించి లాక్ చేసి, మూలమట్టం ఒక అంచు ఫెన్స్‌కీ ఇంకో అంచు బ్లేడ్‌కీ ఆనించి చూడాలి. ఆనించేది బ్లేడ్ రేకుకే, పళ్లకి కాదు. కార్బైడ్ పళ్లు రేకు కంటే కాస్త మందంగా ఉంటాయి, మూలమట్టం పన్నుకి తగిలితే మెషిన్ సరిగ్గా ఉన్నా తేడాగా కనిపిస్తుంది.

అసలు పరీక్ష మాత్రం చెక్క మీదే. రెండు అంచులూ సమాంతరంగా ఉన్న వెడల్పాటి పలక తీసుకుని, కోణాలు చూపే స్కేల్‌ని సున్నా దగ్గర పెట్టి మధ్యలో కోయండి. ఒక ముక్కని అలాగే ఉంచి రెండోదాన్ని తిరగేయండి, అంటే ఇందాక ఫెన్స్‌కి ఆనిన అంచు ఇప్పుడు మీ వైపు రావాలి. కోసిన కొసలు రెండూ కలిపి ఫెన్స్‌కి ఆనించి చూస్తే, మెషిన్ సరిగ్గా ఉంటే సందు ఉండదు. ఒక చివర వెలుతురు కనిపించిందా, ఆ సందు అసలు తప్పుకి రెట్టింపు అన్నమాట, అందుకే కంటికి అంత తేలిగ్గా దొరుకుతుంది. మెషిన్‌ని బట్టి ఫెన్స్ బోల్టులో స్కేల్ స్క్రూలో వదులు చేసి, సగం సరిదిద్ది, మళ్లీ కోసి చూడాలి. స్కేల్ మీద గీత ఉంది కదా అని నమ్మేయకండి. కోత ఎక్కడ పడుతుందో చూపే లేజర్ వెలుగు సంగతీ అంతే, నేను పెన్సిల్ గీతనే నమ్ముతాను.

ఇక కోత. పలక వంగి ఉంటే ఉబ్బిన వైపు ఫెన్స్‌కి పెట్టాలి, అది కూడా కోసే చోటే ఫెన్స్‌కి తగిలేలా. ఇది చాలామంది తిరగేసి చేస్తారు. లోపలికి వంగిన వైపు ఫెన్స్‌కి పెడితే చూడ్డానికి రెండు చివర్లూ చక్కగా ఆని ఉంటాయి గానీ, మధ్యలో ఖాళీ ఉంటుంది. కోత సగం దాటాక ఆ ముక్కలు వెనక్కి కుంగి బ్లేడ్‌ని రెండువైపులా పట్టేస్తాయి, ఆ మరుక్షణం చెక్క ఎగురుతుంది.

చెయ్యి బ్లేడ్‌కి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, చేతులు ఒకదాని మీదుగా ఒకటి అడ్డం పోనివ్వకూడదు. పట్టు కుదరకపోతే క్లాంప్ వేయండి. ఒకే కొలతలో చాలా ముక్కలు కోసేటప్పుడు చెక్క చివర ఆనడానికి స్టాప్ బ్లాక్ అనే అడ్డుముక్క పెడతాం కదా, అది మీరు పట్టుకున్న లేదా క్లాంప్ వేసిన వైపే ఉండాలి. తెగిపడే ముక్కకి పక్కకి జరగడానికి చోటుండాలి, బ్లాక్‌కీ బ్లేడ్‌కీ మధ్య ఇరుక్కుంటే అది రాయిలా వచ్చి తగులుతుంది.

బ్లేడ్ పూర్తి వేగం అందుకున్నాకే చెక్కకి తాకించండి. కోత అయ్యాక ట్రిగ్గర్ వదిలేసి, తల, అంటే బ్లేడూ మోటారూ ఉన్న పై భాగం, అలాగే కిందే పట్టుకుని, బ్లేడ్ పూర్తిగా ఆగాకే పైకి లేపాలి. తిరుగుతుండగానే లేపితే పైకి వస్తూ తెగిన ముక్కని తగిలి విసిరేస్తుంది. ఆ రెండు మూడు సెకన్లు ఆగడం అలవాటయ్యేదాకా మనసులో లెక్కపెట్టుకోండి. తల ముందుకీ వెనక్కీ జరిగే స్లైడింగ్ మోడల్ అయితే తలని ముందు మీ వైపు లాగి, తర్వాత కిందికి దించి, కోస్తూ వెనక్కి నెట్టాలి. మీ వైపు లాక్కుంటూ కోస్తే పళ్లు చెక్క మీదికి ఎక్కి, తల మొత్తం మీ మీదికి దూసుకొస్తుంది.

బ్లేడ్ మార్చేటప్పుడు ప్లగ్ తీసేయడం ఎలాగూ తప్పదు, ఇంకో సంగతేంటంటే చాలా మెషిన్లలో బ్లేడ్‌ని పట్టి ఉంచే బోల్టుకి మర ఎడమ వైపుది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. తెలియక బలం పెట్టి బోల్టు తల పాడుచేసేవాళ్లున్నారు. ఫ్రేములకీ బీడింగులకీ 60 నుంచి 80 పళ్ల బ్లేడ్ బాగుంటుంది. బ్లేడ్‌ని కప్పే గార్డ్‌ని ఎప్పుడూ తాడుతో కట్టేయకండి, గ్లవ్స్ వేసుకోకండి, బ్లేడ్‌కి చిక్కితే చేతిని కూడా లాగేస్తాయి. కళ్లద్దాలు, చెవులకి మఫ్స్, మాస్క్ మాత్రం ప్రతిసారీ వేసుకోండి, వెనకున్న సంచి పొట్టు కొంతే పడుతుంది.

గుండ్రటి కర్ర అయితే వి ఆకారపు గాడిలో పెట్టి క్లాంప్ వేస్తే తప్ప కోయొద్దు, దొర్లుతుంది. క్లాంప్ కూడా పట్టనంత చిన్న ముక్కని ఈ మెషిన్ దగ్గరికే తేకండి, చేతిరంపంతో కోసుకోండి.